రోజారాణి గేటుకు కట్టిన తువ్వాలు

రోజారాణి నాకు పదకొండేళ్లుగా తెలుసు. తెలుసనే అనుకున్నాను. ఆమె కూరలో ఉప్పెంత వేస్తుందో, పిల్లల్ని ఏ మాటతో తిడుతుందో, మొగుడి మీద అలిగితే ఎన్ని పూటలు మాట్లాడదో అన్నీ చెప్పగలను. ఇల్లందు బొగ్గు కాలనీలో మా ఇళ్లు ఎదురెదురు వరసల్లో ఉంటాయి. నేను అంగన్‌వాడీ టీచర్ని, పేరు సోమమ్మ. నలుగురి సంగతీ పట్టించుకోవడం నా ఉద్యోగంలో సగం, మిగతా సగం నా స్వభావం. అలాంటి నాకు ఆ పిల్ల అసలు సంగతి తెలియలేదంటే ఇప్పటికీ తల తిరుగుతుంది.

ఆమెది ఏన్కూరు పక్క పల్లె. మిర్చి పండించే ఇంట్లో పుట్టింది, డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది, పెళ్లయ్యాక వాసుతో ఇక్కడికొచ్చింది. వాసు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఇద్దరు పిల్లలు, బడికి పోతారు. నేను పది మాటలంటే ఆమె 'అవ్ అక్కా' అంటుంది. నాకది నచ్చేది. ఈ రోజుల్లో వినేవాళ్లు దొరకడం కష్టం.

మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఆ ఇంటి గేటుకు తువ్వాలు ముడేస్తారు. అది కనిపిస్తే పాలవాడు కేక వేయడు, పాత సామాన్లవాడు నోరెత్తడు, పిల్లలు ఆటను అవతలి వీధికి మార్చేస్తారు, నాలాంటిది కూడా చప్పుడు చేయకుండా దాటిపోతుంది. షిఫ్టులు వారానికొకసారి మారతాయి కాబట్టి తువ్వాలు ఒక వారం ఉంటే తర్వాత రెండు వారాలు ఉండదు. కాలనీలో చిన్నపిల్లలకి కూడా ఈ లెక్క తెలుసు.

కిందటి వానాకాలం రోజారాణి గేటుకు తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఒక వారం, రెండు వారాలు, మూడు. నేను తొమ్మిదింటికి సెంటర్‌కి పోతుంటే ఎర్ర తువ్వాలు కనిపిస్తుంది, నాలుగు దాటాక తిరిగొస్తే ఉండదు. వాసు పొద్దుటి షిఫ్టుకి బయల్దేరే వేళకి నేను ఇంటి వెనక నల్లా దగ్గర ఉంటాను, రెండో షిఫ్టుకి పోయే వేళకి సెంటర్లో ఉంటాను. కాబట్టి అతను పోవడం నా కంట పడదు, తువ్వాలే పడుతుంది. వరసగా మూడు వారాలు ఎవరికీ రాత్రి షిఫ్టు వేయరు. అంటే వాసు డ్యూటీకి పోవడం లేదు, పగలంతా పడుకుంటున్నాడు. అంటే జబ్బు. అంటే పెద్ద జబ్బు. నా ఆలోచన ఇంతదూరం పోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అడుగుదామంటే తువ్వాలున్న గేటు తట్టకూడదు. ఒక సాయంత్రం దారిలో ఆపి అడిగితే "ఏం లేదక్కా, మంచిగనే ఉన్నం" అంది. అంత తొందరగా అన్నదంటే ఏదో ఉన్నట్టే అనుకున్నాను.

ఇక్కడ నా ఇంకో పిచ్చి సంగతి చెప్పాలి. ఏడాదిగా ఫోన్‌లో ఒక సీరియల్ చదువుతున్నాను. కథల యాప్‌లో మొదట్లో అప్పుడప్పుడు వచ్చేది, ఈ మధ్య రోజూ మధ్యాహ్నం ఒక భాగం వస్తుంది. పేరు 'ఏరు దాటిన కమ్లి'. రాసేవాళ్లు 'తునికాకు' అని పెట్టుకున్నారు. ఫొటో లేదు, ఊరు లేదు, ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు. భద్రాచలం అవతల అడవి పల్లెల్లో నర్సుగా తిరిగే కమ్లి కథ అది. తొంభయ్యో భాగంలో కమ్లి మొగుడు నాగచైతన్య రోడ్డు పక్కన బండి ఆపి అడవిలోకి పోయాడు, మళ్లీ రాలేదు. చచ్చిపోయాడా, వదిలేసి పోయాడా? ఇంకో తొంభై భాగాలు గడిచినా తునికాకు చెప్పలేదు. సెంటర్లో గుడ్లు ఉడికిస్తూ నేను అదే ఆలోచిస్తూ ఉండేదాన్ని.

అందులో ముత్తక్క అని కమ్లి పక్కింటామె ఉంది. ప్రతిదాంట్లో తల దూర్చి, అంతా తప్పుగా అర్థం చేసుకుని, ఓదార్చడానికి పోయి ఇంకా ఏడిపించి వచ్చే మనిషి. ఆమె వచ్చిందంటే నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. 'ఇసొంటి ఆడది మా కాలనీల ఉంటే మేం ఇల్లు ఖాళీ చేసి పోతుంటిమి' అని ఒకసారి కింద కామెంట్ రాశాను. నూటపాతికమంది లైక్ కొట్టారు. మురిసిపోయాను.

వాసు సంగతి ఎవరికి చెప్పాలో తోచక ఆ తునికాకుకే మెసేజ్ పెట్టాను. 'మా కాలనీల ఒక పిల్ల ఉంది. మొగనికి పాణం బాగలేదు, డ్యూటీకి పోతలేడు. మూడు వారాల నుంచి గేటుకు తువ్వాల ఉంటంది. నాకు నిద్ర పడ్తలేదు. అడిగితే చెప్తలేదు. మీ కమ్లికి ఇట్లయితే ఏం జేస్తే ఆమెకు మంచిగనిపిస్తదో చెప్పున్రి, నేను గదే జేస్త' అని. నిజంగానే నిద్ర పట్టడం లేదు నాకు. ఆ పిల్లంటే ప్రేమ.

జవాబు రాలేదు. ఆగే ఓపిక నాకెక్కడిది. మా ఆయన వెంకన్న వేరే గనిలో పనిచేస్తాడు. ఒకసారి కనుక్కోమన్నాను. ఆయన కనుక్కోవడం మాని వాసు గనిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి అయ్యో పాపం అన్నాడు. మర్నాడు క్యాంటీన్లో వాసు టీ తాగుతుంటే ఒకరొచ్చి ఏ దవాఖానాలో చూపిస్తున్నావన్నారు. ఇంకొకరు భుజం మీద చెయ్యేసి, మెడికల్ అన్‌ఫిట్‌కి పెట్టుకో, ఇంట్లోవాళ్లకి ఉద్యోగం వస్తుందేమో చూద్దాం అన్నారు.

ఆ సాయంత్రం వాసు తన భార్య ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రోజారాణి వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"అక్కా, గిది నువ్వు రాసిందేనా?" అన్నాడు.

చూశాను. నా మెసేజే. పక్కన నా ఫొటోకి బదులు నేను పెట్టుకున్న మనవడి ఫొటో ఉంది. అక్షరం పొల్లు పోలేదు. కానీ అది తెర మీద ఎడమవైపు ఉంది. నేను పంపింది కుడివైపు కదా ఉండాలి? ఎడమవైపు ఉండేవి మనకి వచ్చినవి. నా ఫోన్ కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నా దాంట్లో పైన 'తునికాకు' అని ఉంది. ఆమె దాంట్లో పైన నా పేరుంది.

"ఇది రోజా ఫోన్ల ఎట్లొచ్చింది తమ్మీ?"

"గదే నేను అడుగుతున్న. క్యాంటీన్ల మాట ఎవ్వలు పుట్టిచ్చిన్రని అడిగితే గిది చూపెట్టింది. పిల్లలు బడికి పోయినంక తువ్వాల కట్టి, ఎవ్వలు పిలవకుంట కూసోని కథ రాస్తదట. నూట ఎనభై ఆరు భాగాలు రాసిందట. నాకు తెల్వదు. నీకు తెల్సా?"

"నాకూ తెల్వదు."

ఇద్దరం ఆమె వైపు చూశాం. మొదట్లో వాసుకి రాత్రి షిఫ్టున్న వారమే రాసేదట. ఈ మధ్య రోజూ ఒక భాగం ఇవ్వాల్సి వచ్చి ప్రతి వారం కట్టింది. రెండో షిఫ్టు వారం వాసు పొద్దున బయటి పనులకి పోయేదాకా ఆగి కట్టేదట. ఎందుకు దాచావని వాసు అడిగితే "ఏమో" అంది. రాసుకుంటే నేనొద్దంటానా, నేను మంచం పట్టానని ఊరంతా ఎందుకనుకోవాలి అని అడిగాడు. అతనికి నిజంగా బాధ కలిగింది. నాకు మాత్రం తునికాకు మా గుమ్మంలో చెప్పులు లేకుండా నిలబడి ఉందన్న విషయమే ఎక్కడం లేదు.

తువ్వాలు ఆరేసుకున్నారట అని నేనే కాలనీ అంతా చెప్పొచ్చాను. వానాకాలంలో గేటుకు ఆరేయడమేంటని ఎవరూ అడగలేదు. తునికాకు సంగతి మా ముగ్గురి మధ్యే ఉంది.

కానీ సీరియల్ ఆగిపోయింది. ఒకరోజు, మూడు రోజులు, పన్నెండు రోజులు. యాప్‌లో జనం తిట్టారు, బతిమాలారు, తునికాకుకి ఏమైందోనని కంగారు పడ్డారు. నేనూ అలవాటు కొద్దీ 'తర్వాతి భాగం ఎప్పుడు' అని రాయబోయి, ఎదురింట్లో ఆమె గిన్నెలు తోముకోవడం కిటికీలోంచి చూసి ఆగిపోయాను. వాసు గేటుకు 'పిలవొద్దు' అని అట్టముక్క కూడా రాసి కట్టాడు. అయినా రాయడం లేదు. ఉండబట్టలేక పోయి అడిగాను.

"ఇప్పుడెవ్వలు అడ్డం లేరు కదనే, ఎందుకు రాస్తలేవ్?"

"రాయబోతే నువ్వే కనపడ్తున్నవక్కా. నువ్వు చదువుతవని ముందు నుంచి తెల్సు నాకు. కానీ నాకు తెల్సని నీకు తెల్వదు. గిప్పుడు తెల్సింది కదా. ముత్తక్క నోరు తెరిస్తే చెయ్యి ఆగుతంది."

"ముత్తక్కకు నాకు ఏం సంబంధం?"

ఆమె నేల చూసింది. "ముత్తక్క నువ్వే కదక్కా."

ఇంటికొచ్చి అన్నం పెట్టుకోలేదు. నేనలా మాట్లాడతానా అని వెంకన్నని అడిగాను. ఆయన నాలుగు భాగాలు చదివి, "అట్లనే మాట్లాడ్తవ్" అని మళ్లీ ఐదోది తెరిచాడు. నా మీద నేనే అన్నిసార్లు పగలబడి నవ్వుకున్నానన్నమాట. కోపం వచ్చింది. తిట్టిపోయాలనుకున్నాను. కానీ ఎవరిని తిట్టాలి? రోజారాణి నన్నొక్క మాట అనలేదు. అన్న తునికాకేమో నాకు ప్రాణం. ఆ రెండు రోజులు నా బుర్ర నా దగ్గర లేదు.

మూడో రోజుకి ఒక్కటే అర్థమైంది. ఆ పిల్లకి తనదంటూ ఉన్నది పొద్దున తువ్వాలు కట్టుకుని రాసుకునే మూడు గంటలే. వాటిని పాడుచేసింది నేను. పోయి, ఆమె ఎదురుగానే ఫోన్లోంచి యాప్ తీసేశాను.

"నేను చదవను. ఒట్టు. నా గురించి ఏమన్న రాస్కో. నేను లేననుకో."

ఆమె ఏదో అనబోయింది. నేను వినకుండా వచ్చేశాను. వినడం నాకు అలవాటు లేదు.

వారానికి సీరియల్ మళ్లీ మొదలైంది. మా సెంటర్ ఆయా కూడా చదువుతుంది. 'నాగచైతన్య సంగతి తెల్సిందా టీచర్' అని మొదలుపెట్టగానే నేను స్టోర్ గదిలోకి పోయి బియ్యం బస్తాలు సర్దేదాన్ని. ఆ మనిషి బతికున్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు. రెండు నెలలు ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఒట్టు మాత్రం తప్పలేదు.

మొన్న ఆదివారం రోజారాణి మా ఇంటికొచ్చింది. తనంతట తాను రావడం అరుదు. చాప మీద కూర్చుని, "నిన్నటితోని కథ అయిపోయిందక్కా. రెండు వందల నలభై" అంది.

"మంచిదే. నేనైతే చదవలే."

"ఒక్కటి గూడ?"

"ఒట్టు పెట్టిన కదనే."

"దొంగతనంగ గూడ చదవలేదా?"

"లేదు."

నేను గర్వంగా చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. పదకొండేళ్లలో ఆ ముఖం అలా అవడం నేను చూడలేదు.

"చదువుతవనే అనుకున్న" అంది. "ఒట్లు పెడ్తవ్ గని నిలబడవు కద నువ్వు. ఆఖరి నలభై భాగాలు ముత్తక్కవే. రోజూ నువ్వు చూస్తున్నవనుకోనే రాసిన."

నేను కనపడితే రాయలేనన్నది ఈమే, చూస్తున్నాననుకుని రాసిందీ ఈమే. ఇప్పుడు చదవాలా వద్దా అని అడిగితే "ఏమో అక్కా" అంది. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది, ఏది ముందో చెప్పలేను. టీ పెడదామని లేచి, ఇన్నాళ్లూ లోపల నలుగుతున్నది అడిగేశాను.

"ఊరందరు ఆమెను చూసి నవ్వుతున్నరని ముత్తక్కకు ఆఖరికి తెలుస్తదానే?"

రోజారాణి తలెత్తి నన్ను చూసింది.

"తెల్వదక్కా. ఎవ్వలన్న చెప్పబోతే కమ్లి చెప్పనియ్యలే."

నాకు ఏడుపొచ్చింది. టీ సంగతి మరిచిపోయి మళ్లీ ఆమె పక్కనే కూర్చున్నాను.