ఖాజా కాక మర్చిపోలేదు

ఎనిమిదేళ్ళుగా నా లోపల ఒక మాట ఉంది. చిన్న మాటే. పైకి అనడానికి రెండు క్షణాలు కూడా పట్టదు. దాన్ని అనకుండా ఉండడానికే ఇన్నేళ్ళూ నా బలమంతా అయిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. జరిగినదాన్ని మార్చలేదు. ఒకసారి మార్చాను, అది చాలు.

నేను గోదావరిఖని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న ఎల్లయ్య గనిలో బొగ్గు తీసేవాడు. నేను హైదరాబాదులో ఇంజనీరింగు చదివి, పెళ్ళయ్యాక మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. గనుల దగ్గర పెట్టే ట్యాగు యంత్రాలు మా కంపెనీ చేసేది. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు లాంపు రూముకు వచ్చి టోపీకి పెట్టుకునే లాంపు తీసుకోవాలి. లాంపు ఇచ్చే కిటికీ దగ్గర మా యంత్రం ఉంటుంది. తన నంబరున్న ట్యాగు బిళ్ళ చూపిస్తే పచ్చ లైటు వెలుగుతుంది, లోపల ఉన్నవాళ్ళ పట్టికలో అతను చేరతాడు. పైకొచ్చి లాంపు తిరిగి ఇచ్చినప్పుడు పట్టికలోంచి పోతాడు. ఆ పట్టిక, ఎవరి డ్యూటీ గనిలో ఏ దారిలోనో సహా, పైన కంట్రోల్ రూములో తెర మీద కనిపిస్తుంది.

ఆ లాంపు రూములో ఖాజా కాక పని చేసేవాడు. మా నాన్న ఇరవై ఏళ్ళు ఆయన చేతి నుంచే లాంపు తీసుకుని దిగాడు. నన్ను ఆయన ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. బిడ్డా అనేవాడు.

ఇప్పుడు నా పని గురించి చెప్పాలి. అది చెప్పకుండా నా తప్పు మీకు అర్థం కాదు. ఆ యంత్రం మీద నడిచే ప్రోగ్రాం మా కంపెనీ సొంతంగా తయారు చేసుకున్న ఒక చిన్న భాషలో రాసినది. ఆ భాషను నడిపించే ఇంజిన్ బాధ్యత నాది. ఏ చోట ఏ రకం విలువ వస్తుందో ఆ భాషకు ముందుగా చెప్పనక్కర్లేదు. నడుస్తున్నప్పుడు అదే చూసుకుంటుంది. చూసుకోవడానికి సమయం పడుతుంది. ట్యాగు చూపించిన ప్రతిసారీ ఇంజిన్ ఆగి, వచ్చినవాడు పర్మినెంటా కాంట్రాక్టా అని చూసి, ఆ రకానికి రాసిన మెథడ్‌ను, అంటే చేయాల్సిన పనుల వరసను, వెతికి పిలవాలి. తర్వాత అతని నంబరును పట్టికలో పెట్టేటప్పుడు, అది ఉత్త అంకెలా, అక్షరం కలిసినదా అని మళ్ళీ చూడాలి. పర్మినెంటు వాళ్ళ నంబర్లు అంకెలే. కాంట్రాక్టు వాళ్ళవి అక్షరంతో మొదలవుతాయి.

షిఫ్టు మారే వేళ కిటికీ ముందు వందల మంది. మా యంత్రం నెమ్మది. వరస కదలడం లేదని గొడవ. అప్పుడు నేను ఇంజిన్‌ను మార్చాను. ఒకే రకం మనుషులు వరసగా వస్తుంటే ప్రతిసారీ వెతకడం ఎందుకు? మొదట దొరికిన మెథడ్‌ను పిలిచిన చోటే గుర్తుపెట్టుకుని, తర్వాత నేరుగా దాన్నే నడిపించవచ్చు. పట్టికలో నంబరు పెట్టడం కూడా అంతే, అంకెలే వస్తున్నాయి కాబట్టి అంకెల దారినే పెట్టవచ్చు. ఇది నేను కనిపెట్టింది కాదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు అందరూ చేసేదే. కానీ దానికి ఒక కాపలా తప్పనిసరి. నడిపించే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: ఇప్పుడు వచ్చింది కూడా ఆ రకమేనా? కాకపోతే పాత నెమ్మది దారికి పోవాలి.

ఆ కాపలా నేను రాశాను. తర్వాత తీసేశాను.

ఎందుకు? అధికారులు చూడడానికి వస్తున్నారు. ఆ పాత యంత్రం మీద ఆ ఒక్క ప్రశ్న కూడా బరువే అయింది. అప్పటికి ట్యాగులున్నది పర్మినెంటు వాళ్ళకే. కాంట్రాక్టు వాళ్ళు కాగితం రిజిస్టరులో సంతకం పెట్టి దిగేవాళ్ళు. అందుకే ప్రస్తుతానికి పరవాలేదనుకున్నాను. కాంట్రాక్టు ట్యాగులు రాకముందే తిరిగి పెట్టాలని ప్రోగ్రాంలో ఆ చోటు పక్కనే రాసుకున్నాను కూడా. వచ్చిన అధికారి వరస పరుగెత్తడం చూసి మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

కాంట్రాక్టు ట్యాగులు ఏ వారం వస్తాయో నాకు తెలుసు. దీన్ని మీరు వదిలెయ్యకండి. ఉత్తరం వచ్చింది, చదివాను. సోమవారం వెళ్ళి సరి చేద్దామనుకున్నాను. సోమవారం ఇంకో గనిలో పని పడింది. మంగళవారం బద్ధకించాను, ఎండ మండిపోతోందని. బుధవారం మల్లేశ్ చనిపోయాడు.

మల్లేశ్‌ది జైపూర్ దగ్గర పల్లె. కాంట్రాక్టు కింద గనిలో బొగ్గును మోసుకెళ్ళే బెల్టు దగ్గర రాలిన బొగ్గు ఎత్తే పని. కాంట్రాక్టు ట్యాగుల్లో మొదటిది అతనికే అందింది. ఆ రోజు మొదటి షిఫ్టుకు కొంచెం ఆలస్యంగా వచ్చాడు. ట్యాగు చూపించాడు. పచ్చ లైటు వెలిగింది. కానీ అప్పటికే కొన్ని వందల మంది పర్మినెంటు కార్మికుల ట్యాగులు చూసి ఉన్న నా ఇంజిన్, అతనూ ఆ రకమే అనుకుంది. అక్షరంతో మొదలయ్యే అతని నంబరును అంకెల దారిలో పెట్టింది. అది సున్నా అయింది. సున్నా ఉన్న గడిని తెర ఖాళీ గడిగా లెక్కేసింది. ఆగి ఉన్న బెల్టు మరమ్మతు మధ్యాహ్నానికి పూర్తయింది. బెల్టు దారిలో ఎవరూ లేరని తెర చూపించింది. సైరన్ మోగించి బెల్టు నడిపారు. మల్లేశ్ దాని కింద బొగ్గు ఎత్తుతూ ఉన్నాడు. అతనికి సైరన్ వినిపించిందో లేదో ఎవరికీ తెలియదు.

కబురు తెలిసిన గంటలో నేను అక్కడ ఉన్నాను. యంత్రం లోపలి రికార్డు తెరిచాను. ఉదయం మల్లేశ్ వచ్చిన వేళకు ఒక సున్నా ఉంది. చూడగానే తెలిసిపోయింది. అప్పుడు నేనేం చేశానో రాయడానికే ఇదంతా రాస్తున్నాను. కాపలా తిరిగి పెట్టాను. దానికి ఐదు నిమిషాలు పట్టలేదు. పక్కన రాసుకున్న ఆ వాక్యం కొట్టేశాను. ఆ రోజు రికార్డులోంచి ఆ సున్నాను తుడిచేశాను. నా చేతులు వణకలేదు. ఎందుకు వణకలేదు? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతున్నది అదే. భయంలో చేశానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ భయపడిన మనిషి అంత శుభ్రంగా, వరసగా, ఒక్కటీ వదలకుండా తుడవగలదా?

మల్లేశ్ తీసుకున్న లాంపు అతని మీదే దొరికింది. యంత్రంలో మాత్రం అతను లేడు. అంటే ఖాజా కాక ట్యాగు చూడకుండా లాంపు ఇచ్చేశాడని అర్థం. విచారణలో నన్ను అడిగారు. రికార్డు లేదంటే ట్యాగు చూపించలేదనే, అని చెప్పి సంతకం పెట్టాను.

బయట వరండాలో ఖాజా కాక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ మాటల్లో ఒక్కటీ నేను మర్చిపోలేదు.

"బిడ్డా, నువ్వు మా ఎల్లయ్య బిడ్డవు. నాకు నిజం చెప్పు. పచ్చ లైటు వచ్చింది, నేను చూసిన. మరి మిషిన్ల ఎందుకు లేదు?"

"వేరే ఎవరిదో లైటు అయి ఉంటది కాకా. ఆడ మస్తు మంది ఉంటరు గద."

"లేదు బిడ్డా. వాడొక్కడే ఉండె, లేటొచ్చిండు. చాయ్ తాగినవా అని గూడ అడిగిన."

"ఏమో కాకా. మిషిన్ అయితే మర్చిపోదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మర్చిపోదా?"

"మర్చిపోదు."

తర్వాత మెల్లగా అన్నాడు. "అయితే నేనే మర్చిపోయిన్నేమో. గీ మధ్య అద్దాలు యాడ పెట్టిన్నో గూడ యాదికొస్తలేదు." నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు. చదువుకున్న పిల్లవు, నువ్వు అబద్ధమెందుకు చెప్తవు."

ఆయన రిటైరు కావడానికి కొన్ని నెలలే ఉన్నాయి. ఉద్యోగంలోంచి తీసేశారు. మల్లేశ్ భార్య రజితకు, నీ భర్త పద్ధతి ప్రకారం దిగలేదు, అందుకే అతనిది డ్యూటీలో చావు కాదు, పరిహారం రాదు అని చెప్పారు. ఇద్దరి విషయంలోనూ ఆధారం నా సంతకమే. మా యంత్రాలు ఇంకో నాలుగు గనులకు వెళ్ళాయి. వాటిలో కాపలా ఉంది. మళ్ళీ ఎప్పుడూ తప్పు జరగలేదు. నా ఇంజిన్ మంచిదని పేరొచ్చింది.

ఖాజా కాక బెల్లంపల్లిలో కూతురు షాహీన్ దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్ళాను. నిజం చెబితే ఆయనకు ఉద్యోగం తిరిగి రాదు కదా అనుకునేదాన్ని. మల్లేశ్ లేచి రాడు కదా అనుకునేదాన్ని. ఇవన్నీ నన్ను కాపాడుకోవడానికి నేను అల్లుకున్నవే అని అప్పుడూ తెలుసు. తెలిసినా వెనక్కి తిరిగి వచ్చేదాన్ని. మనిషి తనతో తాను ఎంతకాలం ఇలా బేరమాడగలదు? నేను ఎనిమిదేళ్ళు ఆడాను.

పోయిన నెల వెళ్ళాను. ఈసారి బస్సు ఎక్కాను, దిగాను, ఇల్లు వెతుక్కున్నాను. షాహీన్ తలుపు తీసింది. ఖాజా కాక రంజాన్ ముందే చనిపోయాడని చెప్పింది. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఎల్లయ్య కూతురినంటే, వాళ్ళ నాన్న నా గురించి మంచిగా చెప్పేవాడంది.

"అబ్బాకు తన మీద నమ్మకం పోయింది అక్కా" అంది. "తాళం వేసిన్నో లేదో అని మూడుసార్లు ఎనకకు తిరిగొస్తుండె. నమాజుల ఎన్నిసార్లు వంగి లేచిండో, ఎన్ని రకాతులు అయినయో యాదిలేదని మళ్ళ మొదటికెల్లి చదువుతుండె. నన్ను పక్కన కూసోబెట్టుకుని లెక్కపెట్టమంటుండె. నెలకోసారి జైపూర్ పోయి మల్లేశ్ ఇంటి ముందు కూసుంటుండె. ఆమె మొదట్ల తిట్టింది. ఆఖర్ల నీళ్ళు ఇచ్చేది. మాఫ్ చెయ్యమని అడుగుడు మాత్రం ఆపలే."

నేను గ్లాసు పట్టుకుని విన్నాను. ఆయన మతి పోగొట్టుకోలేదు. ఆయనకు గట్టి మతి. మల్లేశ్‌ను చాయ్ తాగావా అని అడిగిన సంగతి దాకా సరిగ్గా గుర్తున్న మనిషి. తన కళ్ళతో చూసినదాన్ని నమ్మొద్దని ఆయనకు నేర్పింది నేను. దేవుడి ముందు నిలబడి చేసిన ప్రార్థనను కూడా లెక్క తప్పిందేమోనని అనుమానించేలా చేసింది నేను. మల్లేశ్ విషయంలో నాది నిర్లక్ష్యం అని తప్పించుకోవచ్చు. ఖాజా కాక విషయంలో ఏమని తప్పించుకోను?

ఆ తలుపు దగ్గర కూడా నేను చెప్పలేదు. నీళ్ళు తాగి, వస్తానని లేచి వచ్చేశాను.

ఆ సున్నా ఇప్పుడు ఎక్కడా లేదు. తుడిచింది నేనే, అందుకే సాక్ష్యం అడిగితే చూపడానికి నా దగ్గర నా మాట తప్ప ఏమీ లేదు. ఒకసారి సంతకం పెట్టి అబద్ధం చెప్పిన మనిషి మాట ఎవరు నమ్ముతారో తెలియదు. అయినా ఇదంతా మూడు కాగితాల మీద రాసి, ఈసారి కింద నా అసలు పేరు పెట్టాను. ఒకటి రజితకు. ఒకటి షాహీన్‌కు. ఒకటి అప్పుడు విచారణ చేసిన కార్యాలయానికి. ఈ పొద్దున పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాను. ఇక్కడ మాత్రం పేరు లేకుండా రాస్తున్నాను. నా పేరు తెలిస్తే వాళ్ళ పేర్లూ తెలిసిపోతాయి.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగాల్సిన ఇద్దరూ మట్టిలో ఉన్నారు. రజిత ఏం చేస్తుందో, షాహీన్ ఏమంటుందో, కార్యాలయం నుంచి ఎవరు వస్తారో ఆలోచించే శక్తి నాకు లేదు. ఇంటికి వచ్చి వంటింట్లో నేల మీద కూర్చున్నాను. ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి. వణకనిస్తున్నాను. దాచడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.