సుగ్గికి పోని ముత్తమ్మ

నందవరం దగ్గరి పల్లెలో ముత్తమ్మ ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కూలికి పోతుంది. తమ్ముడు శామ్యూల్‌ను చిన్నప్పటి నుంచీ ఆమే పెంచింది.

శామ్యూల్ చర్చిలో డోలక్ వాయించేవాడు. తాగుడు మరిగి, ఒకరోజు చర్చి మైకుసెట్టు అమ్మేసి ఆదోనికి పారిపోయాడు. పత్తి మార్కెట్టులో హమాలీగా చేరి అక్కడే మూటల మీద పడుకుంటున్నాడు. చర్చి సంఘం ఎప్పుడో క్షమించింది. పాస్టరు కబురు కూడా పంపాడు. క్షమించినవాళ్ల ముఖం చూడటమే అతనికి కష్టమైంది.

ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే ముత్తమ్మ ఎమ్మిగనూరు మీదుగా పోయే బస్సులో ఆదోని పోతుంది. అక్క దూరాన కనిపిస్తే చాలు, శామ్యూల్ లారీల వెనక్కి తప్పుకుంటాడు. ఆమె జొన్నరొట్టెల డబ్బా టీకొట్టు సుంకమ్మ దగ్గర పెట్టి తిరిగొస్తుంది. తమ్ముడు తిన్నాడో, కుక్కలకు వేశాడో అడగదు.

"వాణ్ణి వెతికిపెట్టమని మీ దేవుణ్ణి అడగరాదా?" అంది ఒకసారి సుంకమ్మ.

"ఆయన ఈడనే ఉండాడు, వాని పక్కన. నేనే దినామూ రాలేకపోతాండాను."

ఇంతలో సుగ్గి వచ్చింది. సుగ్గి అంటే ఇళ్లకు తాళాలు వేసి మిరపకోతకు గుంటూరు వైపు వలసపోవడం. పోతే మళ్లీ ఎండాకాలానికే రావడం. చర్చికి కూడా తాళమే. అందరూ లారీ ఎక్కుతుంటే ముత్తమ్మ ఒట్టి చేతులతో వచ్చి నిలబడింది.

"నీ మూట యాడమ్మా?" అని కూలీలను తీసుకుపోయే మేస్త్రీ భీమప్ప కేకేశాడు.

"నేను రానన్నా."

"ఆ తాగుబోతు కోసమా? ఈడుండి ఏం తింటావు, గోడలా?"

"గుంటూరులో వాణ్ణి యాడ చూసేదన్నా?"

లారీలో ఎవరో నవ్వారు. భీమప్ప నవ్వలేదు. "సరే తల్లీ, నాకోసరం కూడా ప్రార్థన చేయి" అని ఎక్కాడు.

ఆ మధ్యాహ్నమే ముత్తమ్మ మూట కట్టుకుని ఆదోని చేరి, మార్కెట్టులో రాలిన పత్తి ఊడ్చే పనికి కుదిరింది.

సుగ్గి లారీ పోయిందని శామ్యూల్ విన్నాడు. ఇక అక్క రాదనుకున్నాడు. మరునాడు పొద్దున బెదురు లేకుండా సుంకమ్మ కొట్టుకు టీకి వచ్చాడు. బల్ల మీద ముత్తమ్మ కూర్చుని ఉంది.

"సుగ్గికి పోలేదా?"

"లేదు. ఈడనే పని దొరికినాది."

"నేను ఊరికి రాను."

"రాకుంటే మానెయ్యి. టీ తాగు."

శామ్యూల్ నిలబడే తాగాడు. ఖాళీ గ్లాసు పెట్టాక కూడా కదల్లేదు.

"రాత్రి యాడ పండుకుంటావు?"

"నువ్వు యాడ పండుకుంటే ఆడ."

"అది ఆడోళ్లు పండుకునే జాగా కాదక్కా. దోమలు, తాగినోళ్లు..."

"నువ్వు పండుకుంటాండావు గదా."

అతను ఒకసారి లారీల వైపు చూశాడు. తర్వాత బల్ల కింద ఉన్న ఆమె మూట తీసి భుజాన వేసుకున్నాడు. "రా, బస్సెక్కిస్తా" అన్నాడు.

నందవరం బస్సు కిక్కిరిసి ఉంది. అక్కను లోపలికి తోసి, మూట అందించడానికి తానూ ఎక్కాడు. బస్సు కదిలింది. "దిగేవాళ్లు దిగండప్పా" అని కండక్టర్ అరిచాడు. ముత్తమ్మ వెనక్కి తిరగలేదు, తమ్ముణ్ణి పిలవలేదు. కళ్లు మూసుకుంది.

"రెండు టికెట్లు, నందవరానికి" అన్న మాట ఆమె వెనకనుంచి వినిపించింది.