నజారియా నింపిన నీళ్లు

ఒలారియా పేటలో ఎవరైనా కన్ను మూస్తే మొదటి కబురు ఫాదరుకు వెళ్లదు, ఎర్సీలియాకు వెళుతుంది. పెట్టె చేసే వడ్రంగి తర్వాత, పూలు తర్వాత. శవం ఉన్న ఇంట్లో నీళ్లు నిలవ ఉండకూడదు. బిందెలో, కూజాలో, కుక్క తాగే చిప్పలో, మేరీమాత బొమ్మ ముందున్న చిన్న గ్లాసులో కూడా. పోయిన ప్రాణానికి దాహం ఎక్కువట. నీళ్లు కనబడితే తాగడానికి ఆగుతుంది. ఒకసారి తాగిందంటే ఆ నీళ్ల కోసమే మళ్లీ మళ్లీ వస్తుంది, పోవలసిన దారి మరిచిపోతుంది. అందుకని పెట్టె గడప దాటేలోపల అన్నీ పారబోయాలి. వీధి గుమ్మంలోంచే పోయాలి, పోసేటప్పుడు నోరు మెదపకూడదు.

మిగతావన్నీ ఇంటివాళ్లే వొంపుకుంటారు. మట్టి ఫిల్టరు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ చెయ్యి ఆడదు. పై కుండ ఎత్తి దించాలి, అడుగున మర విప్పాలి, లోపల నీళ్లు వడకట్టే తెల్లటి పింగాణీ కొవ్వొత్తి పగలకుండా తియ్యాలి, కింది కుండ వొంచి కడగాలి. ఏడుస్తున్న చేతులతో అయ్యే పని కాదది.

ఎర్సీలియా ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తోంది. చావు ఇళ్లకే కాదు, మామూలు ఇళ్లకూ వెళుతుంది. గుడ్డసంచీలో పాతపేపరు చుట్టిన కొత్త కొవ్వొత్తులు, మెత్తటి స్పాంజి, రెండు మూడు రబ్బరు వాషర్లు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. వానాకాలంలో తొట్టిలో పట్టిన నీళ్లే ఏడాదంతా తాగాలి. బ్రెజిల్ అంతా మునిగినా ఉత్తర మీనాస్ మెట్టలో మాత్రం చినుకు రాలదని ముసలివాళ్లు అంటారు. అలాంటి చోట ఫిల్టరుకు జబ్బు చేస్తే ఇంటికి జబ్బు చేసినట్టే. ఎర్సీలియా కొవ్వొత్తి గొట్టాన్ని నోట్లో పెట్టుకుని నీళ్లలో ముంచి ఊదుతుంది. ఒక్క బుడగ ఒకే చోటినుంచి లేచిందంటే అక్కడ కంటికి కనబడని పగులు ఉన్నట్టు. కుండను వేలి కణుపుతో తట్టి నీళ్లు ఎంతవరకూ ఉన్నాయో చెప్పగలదు.

"నిజంగా ప్రాణం నీళ్లు తాగుతుందంటావా?" అని ఎవరైనా అడిగితే, "మర విప్పడానికి నమ్మకం ఎందుకు, వేళ్లు చాలు" అనేది.

ఇంట్లో మాత్రం ఆమె వేళ్లకు ఫిల్టరు మీద అధికారం లేదు. అది ఆడపడుచు నజారియా సొత్తు. ఎర్సీలియా మొగుడు ఒలింపియో, పెళ్లయిన మూడో ఏట, చెరకు కోతకు వెళ్తూ లారీ మీంచి పడి చనిపోయాడు. వదినా ఆడపడుచులు ఒక కప్పు కింద నెల కూడా ఉండలేరని పేటంతా అంది. ఎవరో ఒకరు మూట కట్టుకుంటారని చూశారు. ఇరవై ఆరేళ్లు చూశారు.

"ఊరందరి ఫిల్టర్లూ నీవి. ఇదొక్కటి నాది. దీని జోలికి రాకు" అని నజారియా మొదట్లోనే గీత గీసింది. రోజూ పొద్దున్నే ఎనామిల్ జగ్గుతో తొట్టి నీళ్లు తెచ్చి, పై కుండ మూతికి గుడ్డ కట్టి, పొర్లేదాకా పోసేది. పోసి, నేల మీద పడ్డ నీళ్లను కాలితో రాసేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టేది.

శనివారాలు గొడవ జరిగేది.

"మళ్లీ పంచదారతో తోమావు కదూ కొవ్వొత్తిని?"

"ఎవరు చెప్పారు?"

"చీమలు చెప్పాయి."

"మా అమ్మ తోమింది, మా అమ్మమ్మ తోమింది. వాళ్లకేమైంది?"

"అరిగిపోతుందే మొద్దూ! ఆర్నెల్లు రావలసింది మూడు నెలలకే పలచబడుతోంది. ఊళ్లో అందరికీ చెప్తాను పంచదార వద్దు, ఉప్పు వద్దు అని. నా ఇంట్లోనే ఈ భాగోతం. నలుగురూ వింటే నవ్వరూ?"

"నవ్వనీ. అరిగితే మార్చే మనిషి ఇంట్లోనే ఉందిగా." అంతటితో ఆగేది కాదు నజారియా. పక్కింటి ఇదలీనాకు వినబడేలా గొంతు పెంచేది. "ఊళ్లో కొవ్వొత్తుల మీద బతికేవాళ్లు ఇద్దరే, ఫాదరూ, మా వదినా! ఆయనవి వెలుగుతాయి, ఈవిడవి కారతాయి!"

గోడ అవతల ఇదలీనా నవ్వు వినబడేది. ఎర్సీలియా మూతి ముడుచుకుని, వెనక్కి తిరిగాక నవ్వుకునేది.

జూలైలో ఒక మంగళవారం, గాలి ఎండిపోయి పెదవులు పగులుతున్న రోజుల్లో, నజారియా ఫిల్టరు నింపి, మూత పెట్టి, తల గుడ్డ బిగించుకోవడానికి పీట మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఎర్సీలియా అప్పుడు రెండు వీధుల అవతల ఎవరిదో కొవ్వొత్తి మారుస్తోంది. ఇదలీనా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి చేతులు చాపింది. ఎర్సీలియా చేతిలోని మర బిగించడం పూర్తిచేసి లేచింది. ఎందుకు పూర్తిచేసిందో ఆమెకే తెలియదు.

ఆడవాళ్లు నజారియాకు స్నానం చేయించారు, నీలం గౌను తొడిగారు. కూజాలు, బిందెలు, గ్లాసులు ఒక్కొక్కటీ వీధిలోకి వొంపారు. ఫిల్టరు దగ్గరికి ఎవరో వెళ్లబోతే ఎర్సీలియా, "దాని సంగతి నేను చూసుకుంటాను" అంది. ఆమె పని కదా అని ఎవరూ మారు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పెట్టె గడప దాటింది.

శ్మశానం నుంచి తిరిగొచ్చి అందరూ వంటింట్లో కూర్చున్నారు. ఇదలీనా గ్లాసు తీసుకుని ఫిల్టరు కుళాయి కింద పెట్టింది. ఎర్సీలియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు."

"కొత్త నీళ్లేగా అక్కా?"

ఎర్సీలియా పట్టు వదల్లేదు. ఇదలీనా ఆమె ముఖంలోకి చూసి గ్లాసు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"పారబొయ్యలేదా?"

"లేదు. నిన్న పొద్దున అది నింపినవే."

"అయ్యో తల్లీ! ఊరందరి నీళ్లూ వీధిపాలు చేసినదానివి, నీకు నేను చెప్పాలా? అది పోలేదు అక్కా. ఇక్కడిక్కడే తిరుగుతుంది."

"తిరగనీ."

"ఏంటీ?"

"తిరగనీ అంటున్నా. ఇరవై ఆరేళ్లు తిరిగిన ఇల్లే. కొత్తా?"

కూర్చున్నవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కాఫీ కప్పులు సగంలో దించి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి ఇదలీనా ఒక్కతే మిగిలి, చర్చిలో ఏడోరోజు పూజ జరిగేలోపల పారబోస్తానని మాట ఇమ్మని బతిమాలింది. ఎర్సీలియా మాట ఇవ్వలేదు.

ముప్పై ఏళ్లు నమ్మకం లేకుండా నీళ్లు పారబోసిన మనిషి ఇప్పుడు నమ్మాలనుకుంది. ఊరు చెప్పేది నిజమే అయితే, నీళ్లున్నంతకాలం నజారియా వస్తుంది. కనబడకపోయినా ఫరవాలేదు. వచ్చిందని తెలిస్తే చాలు. తను మాత్రం తొట్టిలోంచి నేరుగా డబ్బాతో ముంచుకుని తాగింది, తాగవద్దని ఊరందరికీ చెప్పే నీళ్లను. కడుపు నొప్పి వచ్చింది. అయినా ఆ కుళాయి తిప్పలేదు.

నాలుగోరోజు పై వీధిలో ముసలి వాల్దెవీనో పోయాడు. కబురు రాలేదు. వాళ్లు గాభరాలో మరిచిపోయారేమో అనుకుని సంచీ తీసుకుని తనే వెళ్లింది. అల్లుడు జెనీవల్ గేటు తియ్యకుండానే మాట్లాడాడు.

"నువ్వెందుకొచ్చావమ్మా ఈ పూట? మేమే వొంపేసుకున్నాం."

"కొవ్వొత్తి జాగ్రత్తగా తీశారా? పాత ఫిల్టరు అది, మర తుప్పు పట్టి ఉంటుంది."

"విరిగింది. విరిగితే విరిగింది." అతను నేల చూపులు చూస్తూ, "తప్పుగా అనుకోకు. మీ ఇంటి చావు మీ ఇంట్లోనే ఉంది. ఆ చేతులు మా కుండలో ఎలా పెట్టనిస్తాం? మా అత్త ఒప్పుకోదు" అన్నాడు.

ఆమె తల ఊపింది. తిరిగి నడుస్తుంటే సంచీలో కొవ్వొత్తులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. గేటు దగ్గరినుంచి వెనక్కి తిరగడం ఆమెకు ఆ పేటలో అదే మొదలు.

ఇంటికొచ్చి అలవాటుగా ఫిల్టరును కణుపుతో తట్టింది. మోత మారింది. బొగ్గుతో గీత పెట్టుకుంది. మర్నాడు పొద్దున తడితే గీతకు అరవేలు కిందనుంచి పలికింది.

ఆ క్షణంలో ఆమె గుండె ఒక్కసారి పైకి లేచి కొట్టుకుంది. కుళాయి బిగించే ఉంది, నేల పొడిగా ఉంది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు.

ఇదలీనా గిన్నెలో చిక్కుడుగింజల కూర తెచ్చి, ఆ గీతలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తగ్గుతున్నాయా?"

"రోజుకు అరవేలు."

"తాగుతోంది!" ఇదలీనా సిలువ గుర్తు వేసుకుంది. "అమ్మో, తాగుతోంది అక్కా! చెప్పానా?"

అవునని ఒక్క మాట అంటే చాలు. ఎర్సీలియా పెదవులు కదిలాయి కూడా. కానీ ఆమె చెయ్యి అప్పటికే కుండ పక్క మీద ఉంది. మట్టి చల్లగా, తడిగా ఉంది. కుండ బయట ఉప్పు పూసినట్టు తెల్లటి పొర. ఈ చెమటను ఆమె వెయ్యిసార్లు తుడిచింది. పిల్లలకు, కొత్త కోడళ్లకు వెయ్యిసార్లు విప్పి చెప్పింది.

"కాదే" అంది చివరికి. "కుండకు చెమట పడుతుంది. నీళ్లు చల్లబడేది అందుకే. ఈ గాలికి ఇంకా ఎక్కువ పడుతుంది. నజారియా కాదు, గాలి తాగుతోంది."

ఇదలీనా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎర్సీలియా పీట మీద కూలబడింది. పేటలో ఇంకే ఆడదైనా ఆ నీళ్లు తగ్గడం చూసి ఏడ్చి, నవ్వి, తృప్తిపడి ఉండేది. తనకు ఆ పాటి తెలివితక్కువతనం కూడా దేవుడు మిగల్చలేదు.

అరవేలు చొప్పున రెండు వారాలు. ఆ తర్వాత పారబోయడానికి కూడా ఏమీ ఉండదు. ఆ లెక్క ఆమెను నిలవనివ్వలేదు. ఆరోరోజు మధ్యాహ్నం పంది కొవ్వు డబ్బా దింపి, పొయ్యి మీద కరిగించి, కింది కుండ చుట్టూ గుడ్డతో పట్టించింది. ఫిల్టరుకు అందంగా నీలం రంగు వేయించుకుంటామన్న వాళ్లను, కుండకు ఊపిరాడక నీళ్లు చస్తాయమ్మా అని కసిరిన మనిషి. ఎర్రమట్టి నల్లబడుతూ కొవ్వును పీల్చుకుంది. రెండు పూతలు వేసింది. చెమట ఆగింది.

ఏడోరోజు పూజలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఇదలీనా ఒక్కతే వచ్చి కూర్చుంది, అదీ ఒక మనిషి పట్టేంత ఎడంగా.

నీళ్లు ఆ తర్వాత తగ్గలేదు. రోజూ తట్టేది, ఒకే చోట పలికేది. ఫిల్టరు పక్కనే కూర్చుని అన్నం తినేది. పంచదార డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని ఎవరూ లేని వంటింట్లో కసిరేది. పదకొండోరోజుకు కుండ చల్లదనం పోయింది. పద్నాలుగోరోజుకు మూత తీయకుండానే వాసన తెలిసింది. ఆమె కుళాయి కింద గ్లాసు పెట్టి, ఇన్నాళ్లలో మొదటిసారి తిప్పింది. పచ్చటి జిగురు తీగలా దిగింది. ఏ ఇంట్లోనైనా ఇలాంటి నీళ్లు కనబడితే ఆ ఇంటి ఇల్లాలిని నాలుగు చీవాట్లు పెట్టేది.

మూత తీసింది. పై కుండ దించింది. మర విప్పింది. నజారియా తోమి తోమి అరగదీసిన కొవ్వొత్తిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. కింది కుండను రెండు చేతులా పొదివి పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. ఎదురింట్లో కాఫీ గింజలు వేయిస్తున్న ఆవిడ చేతిలో గరిటె ఆపింది. జెనీవల్ సైకిలు దిగి టోపీ తీశాడు. ఎవరూ ఎవరినీ పిలవకుండానే గుమ్మాల్లో మనుషులు నిలబడ్డారు. ఎర్సీలియా వొంచింది. నీళ్లు దుమ్ములో రెండడుగులు పరుగెత్తి ఆగిపోయాయి. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆఖరి చుక్క పడేదాకా కుండను అలాగే వొంచి పట్టుకుని, పడ్డాక కూడా దించలేదు.

ఆ వారంలోనే మళ్లీ కబుర్లు రావడం మొదలైంది. ఆమె వెళ్లింది, మామూలుగా కొవ్వొత్తులు మార్చింది. ఇంట్లో మాత్రం తిప్పలు పడింది. నల్లబడ్డ కింది కుండను బూడిదతో రుద్దింది. మరిగే నీళ్లు పోసింది, మూడు రోజులు ఎండలో బోర్లించింది. కొత్త నీళ్లు పోసి చూస్తే మళ్లీ కొవ్వు కంపే. మట్టి తాగినదాన్ని మట్టి వదలదు. ఆ సంగతి కూడా ఆమెకు మొదటినుంచీ తెలుసు.

ఆదివారం ఇదలీనా వచ్చేసరికి ఎర్సీలియా ఆ కుండను ఇటికల బట్టీ వెనక పడెయ్యడానికి గుమ్మంలోకి దొర్లిస్తోంది.

"అదేంటక్కా? ఇరవై ఆరేళ్లు దాని చేతుల్లో ఉన్న కుండ. ఉంచుకోరాదూ, మొక్కైనా వేసుకోవచ్చు."

"కొవ్వు తాగిన కుండలో మొక్క కూడా బతకదే." ఎర్సీలియా నడుము నిటారు చేసుకుంది. "మొదటిరోజే పారబోసి ఉంటే, నాకు కుండైనా మిగిలేది."

ఇదలీనా గౌను అంచు ఎగదోపుకుని, కుండకు రెండో వైపు పట్టుకుంది.