నా నోటితోనే ఆమెన్

ఆ పొద్దు వాకిట్ల పసుపు కొమ్ములు ఆరబోస్తుంటే ఛాతి మీద బండ పెట్టినట్టయింది. గ్యాస్ అనుకొని వాము నమిలిన. తెల్లారి చర్చి మెట్లెక్కుతుంటే మళ్ళ అదే బాధ, ఎడమ చెయ్యి గుంజింది. మా పెద్ద కొడుకు నన్ను బోధన్ నుంచి నిజామాబాద్ దవాఖానకు తీసుకపోయిండు.

ఈసీజీ, టూడీ ఎకో, యాంజియోగ్రామ్ అన్నీ చేసిండ్రు. "మూడు బ్లాకులున్నయమ్మా, బైపాస్ చెయ్యాలె" అన్నడు డాక్టర్. ఇంతల జ్వరమొచ్చింది. ఇన్‌ఫెక్షన్ తగ్గేదాక ఆపరేషన్ ఆపిండ్రు. మంచంల పడి ఉంటే భయం పెరిగింది.

"ఫాదర్‌ను పిలువు. నూనె పూసి ప్రార్థన చేసే అభ్యంగనం చేయించుకుంట" అన్న.

పెద్దోడు బిత్తరపోయిండు. "అవ్వా, గా నూనె చచ్చేటోళ్ళకు పూస్తరు! బాల్కొండ చిన్నమ్మకు తెలిస్తే శోకాలు పెట్టుకుంట వస్తది."

మా దిక్కు చానామంది గిట్లనే అనుకుంటరు. మా ఇంటాయన పోయేముందు, హోష్ తప్పి తెలివి లేనప్పుడు పూయించినం. ఆమెన్ అనటానికి ఆయనకు నోరు రాలె.

"పిలువకుంటే థియేటర్ల అడుగు పెట్ట" అన్న.

జ్వరం పోయింది. ఇంక ఆలస్యం చేస్తే ప్రమాదమన్నడు డాక్టర్. పెద్దోడికి తప్పలేదు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఫాదర్ వచ్చిండు. కోడలు అప్పుడే కొంగు నోట్ల కుక్కుకుంది. "ఏడ్వకమ్మా. ఇది సాగనంపుడు కాదు, రోగంల ఉన్నోళ్ళకు బలమియ్యటానికి" అన్నడు. ముందుగాల అందరిని బయటికి పంపి నేను పాపాలు ఒప్పుకుంటుంటే, నా పాపసంకీర్తనం విన్నడు. మళ్ళ వాళ్ళను పిలిచి, నా తలమీద చేతులుంచి, నుదుటికి, అరచేతులకు నూనె పూసి ప్రార్థన చేసిండు. ఆమెన్ అని గట్టిగ అన్న. సత్ప్రసాదమని ఫాదర్ ఇచ్చిన రొట్టె తీసుకున్న.

"గంతేనా నూనె?" అని అడిగిన.

"సరిపోదా అవ్వా?"

"మస్తు సరిపోతది. మా కోడలు చూసి నేర్చుకోవాలె. కూరల గిన్నెడు పోస్తది."

ఏడుస్తున్న కోడలు కిసుక్కున నవ్వింది.

నేను చదివింది రెండో తరగతి. అయినా ఒకటి సమజైంది. జ్ఞానస్నానానికి నీళ్ళు, చర్చి పూజల రొట్టె, రోగానికి నూనె. దేవుడు ఏ కొత్త సామాను తెప్పియ్యలె. వంటింట్ల ఉన్నవాటితోనే మనల్ని ముట్టుకుంటడు. గంత పెద్ద దేవుడు గింత దగ్గరికొస్తడా అనిపించింది.

స్ట్రెచర్ మీద పోతుంటే భయమైంది, అబద్ధమెందుకు. కాని ఒక్కదాన్నే పోతున్న అనిపించలే. ఐసీయూల వెంటిలేటర్ తీసినంక దగ్గితే ఛాతి చీలినట్టుండేది. దిండు హత్తుకొని దగ్గుమని నర్సు నేర్పింది.

ఇప్పుడు పొద్దుగాల నడుస్తున్న. ఉప్పు తగ్గించిన. గోళీలు తప్పియ్య. పూజకు పోతే మెట్లు ఆగి ఆగి ఎక్కుత.

మీకు చెప్పేది ఒక్కటే. పెద్ద రోగమని డాక్టర్ అన్ననాడే ఫాదర్‌కు ఫోన్ చెయ్యుండ్రి. హోష్ పోయేదాక చూడకుండ్రి. ఆ ఆమెన్ మీ నోటితోనే అనుండ్రి.