ఆమె పేరున్న పంక్తి

పంపుల కంపెనీలో అందరూ ఆమెను స్క్రూ మేడం అనేవారు. నీళ్ల పంపులకు మాన్యువళ్లు రాయడం అక్కడ ఆమె పని. కొత్త మోడల్ వచ్చిందంటే బల్ల మీద పాత పేపర్లు పరిచి, పంపును తన చేత్తోనే విప్పేది. విప్పింది విప్పినట్టు రాసేది. ఆ తర్వాత, తను రాసింది తప్ప ఇంకేమీ తెలియనట్టు, ఆ కాగితం ఒక్కటే ముందు పెట్టుకుని మళ్లీ బిగించేది. చివరికి ఒక్క స్క్రూ చేతిలో మిగిలినా వాక్యం ఎక్కడో తప్పినట్టే లెక్క. మళ్లీ మొదటికొచ్చేది.

"మేడం, పంపులు పెట్టెల్లోకి ఎక్కి రెండు రోజులైంది. మీ కాగితం కోసం లారీ ఆగింది," అనేవాడు ఫోర్‌మన్.

"ఒక స్క్రూ మిగిలిందండీ."

"జేబులో వేసుకోండి. ఎవరు చూడొచ్చారు?"

ఆమె వేసుకునేది కాదు. లారీ ఆగేది.

అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి. మాన్యువల్ అట్ట మీద కంపెనీ పేరుండేది, మోడల్ నంబరుండేది. రాసినవారి పేరుండేది కాదు. అది ఆమెకు ఎప్పుడూ లోటుగా తోచలేదు. పంపు కొన్నవాడికి నీళ్లు కావాలి గానీ తన పేరెందుకు అనుకునేది.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లప్పుడు కంపెనీ ఆ విభాగం ఎత్తేసింది. అప్పటి నుంచి ఏ ఆఫీసుకు వెళ్లినా ఒకటే మాట, మీరు చేసిన పని చూపించండి అని. ఆమె సంచిలోంచి మాన్యువళ్లు తీసి పేర్చేది. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి మీరే రాశారని ఎక్కడుందండీ?" అనేవారు. ఎక్కడా లేదు. ఆమె మళ్లీ సంచిలో సర్దుకుని మెట్లు దిగేది.

ఇల్లు టైర్ల దుకాణం మీద రెండు గదులు. పొద్దున్న ఎనిమిదైతే కింద గాలి కొట్టే మెషిన్ మొదలవుతుంది, గచ్చు అదురుతుంది. ముందు గదిలో వదిన కుట్టుమిషను. వదిన అంటే పోయిన భర్తకు అక్క. తమ్ముడు పోయాక వాళ్లిద్దరే మిగిలారు. ఒకరిని వదిలి ఒకరు వెళ్లడానికి ఇద్దరికీ వేరే చోటు లేదు. ఆ సంగతి పైకి అనుకోకుండా ఆరేళ్లుగా ఒకరినొకరు దెప్పుకుంటూ బతుకుతున్నారు.

పాత ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆయన ఒకరోజు దారిలో కలిసి ఒక ఉపాయం చెప్పాడు. ప్రోగ్రాంలు రాసేవాళ్లు కొందరు తాము చేసినదాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేస్తారు. వాటిని ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎవరైనా బాగు చేయొచ్చు. ఏ పంక్తి ఎవరు రాశారో పక్కనే పేరు కనిపిస్తుంది. "వాళ్లకు కోడ్ రాయడం వచ్చు, అది ఏం చేస్తుందో చెప్పడం రాదు మేడం. ఆ రాత మీరు రాయండి. మీ పేరు లోకమంతా కనబడుతుంది," అన్నాడు.

ఆయన దగ్గరే కోడ్ వాడి చూడటం కొద్దిగా నేర్చుకుని, ఆమె ఒక లైబ్రరీని, అంటే అలా అందరికీ ఇచ్చేసిన ప్రోగ్రాం భాగాల కట్టను, ఎంచుకుంది. అది చేసే పని ఒక్కటే. ఎవరో రాసిన ప్రోగ్రాంను దానికిస్తే, దాన్ని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క దేనిలో భాగమో అమర్చి చూపిస్తుంది. అందులో రెండు వందల పద్నాలుగు ఫంక్షన్లు, అంటే ఒక్కో చిన్న పని చేసే భాగాలు, ఉన్నాయి. వేల మంది వాడుతున్నారు. వివరణ మాత్రం ఒక ముందు పేజీ, అందులో పది పంక్తులు. అందులోనూ ఒకటి తప్పు. కోడ్ మధ్యలో మనుషులు తమ కోసం రాసుకునే వ్యాఖ్యల్ని లైబ్రరీ పోగొట్టకుండా తిరిగి ఇస్తుందని ఆ పంక్తి చెబుతోంది. ఆమె అలాంటి కోడ్ ఒకటి ఇచ్చి చూసింది. వ్యాఖ్యలు రాలిపోయాయి. "వ్యాఖ్యలు తిరిగి రావు" అని దిద్ది పంపింది. లైబ్రరీ కట్టినాయన ఆ పేజీలోనే మీట నొక్కి ఒప్పుకున్నాడు. మర్నాడు చూస్తే ఆ పంక్తి పక్కన ఆమె పేరుంది.

ఆమె వదినను పిలిచి చూపించింది.

"ఇంత చిన్నగానా?" అంది వదిన కళ్లజోడు పైకి తోసుకుని.

"చిన్నదైతేనేం, ఉంది కదా."

"సరేలే. గడప మీద పేరు రాయించుకున్న దొరసానివి. ఇంక అన్నం పెడతావా?"

లైబ్రరీ కట్టినాయనను అక్కడ అందరూ పెద్దాయన అనేవారు. ఒకసారి వీడియోలో మాట్లాడితే తెలిసింది, ముప్పై రెండేళ్లవాడని. ఒళ్లో పిల్ల, భుజం మీద పాలు కక్కిన తువ్వాలు. ఉద్యోగం ఒకచోట, ఈ పని ఊరికే.

"మొత్తం రాస్తారా మేడం? నిజంగా?" అన్నాడు. "నాలుగేళ్లుగా అడుగుతున్నాను. ఒక్కరూ ముందుకు రాలేదు."

"రాస్తాను. ఏ ఫంక్షనూ విప్పకుండా మాత్రం రాయను. ఆలస్యమవుతుంది."

"ఎంతైనా పర్లేదు. మీరు ముక్కలుముక్కలుగా పంపుతూ ఉండండి. చివర్లో అన్నీ కలిపి నేను ఎక్కిస్తాను. చరిత్ర శుభ్రంగా ఉండాలి కదా."

చరిత్ర శుభ్రంగా ఉండాలంటే ఏమిటో ఆమె అడగలేదు. అర్థమైందనుకుంది. రెండు వందల పద్నాలుగు ఫంక్షన్లను విప్పి చూడబోయే మనిషి ఆ ఒక్క మాటను విప్పి చూడలేదు.

పదకొండు నెలలు పట్టింది. పంపులకు చేసినట్టే చేసింది. ఒక్కో ఫంక్షన్‌కు మంచి కోడ్ ఇచ్చేది, చెడ్డ కోడ్ ఇచ్చేది, అసలేమీ లేని ఖాళీ ఇచ్చేది. అది ఏం చేసిందో రాసేది. తర్వాత కోడ్ మూసేసి, తన రాత మాత్రమే చూసి మళ్లీ వాడేది. చేతిలో ఏదైనా మిగిలితే వాక్యం కొట్టేసేది.

అన్నింటికంటే తన కొత్త వివరణలో మొదటి పేజీ దగ్గరే చిక్కుపడింది. కోడ్‌ను ముక్కలు చేయడమంటే ఏమిటో కొత్తవాడికి ఎలా చెప్పాలి? పదిసార్లు రాసింది, పదిసార్లు కొట్టేసింది. వారం రోజులు ఆమె మొహం చూసి వదినకు విసుగొచ్చింది.

"ఏమిటే నీ బాధ?"

"ఒకదాన్ని ముక్కలు చేయాలి వదినా. చింపినట్టు కాదు. ఏది దేనికి కలిసి ఉందో తెలిసేట్టు."

వదిన లేచి, ఇనప్పెట్టె అడుగు నుంచి ఒక చొక్కా తీసింది. నీలి గీతల చొక్కా. తమ్ముడిది. తను కుట్టిందే. బ్లేడు తీసుకుని కుట్ల వెంట విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యో, అదెందుకు వదినా?"

"ఎవరేసుకుంటారిప్పుడు? చూడు. చేతిని లాగితే చిరుగుతుంది. కుట్టు తెలిసి విప్పితే ఊడి వస్తుంది. ఇది పట్టీ. పట్టీ చేతిలోది. చేయి భుజంలోది. భుజం చొక్కాలోది. చెత్త కత్తిరింపు కాదిది, లెక్క."

చాప మీద పద్నాలుగు ముక్కలు పరిచింది. వాటిని చూస్తూ ఆమె ఆ పూటే మొదటి పేజీ రాసేసింది. నీలి గీతల చొక్కాను కుట్ల వెంట విప్పడంతో ఆ పేజీ మొదలవుతుంది. ముక్కలు ఒక సంచిలో పడ్డాయి. మళ్లీ కుడతానంది వదిన. కుట్టలేదు.

పని పూర్తయింది. ఆమె పంపినవి నూట ముప్పై విడతలు. పెద్దాయన వాటన్నింటినీ తన కంప్యూటర్‌లో ఒకటిగా కలిపి ఎక్కించాడు. "అద్భుతం మేడం" అని రాశాడు, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆమె ఆ పేజీలు తెరిచి, ఎక్కడా అక్షరం జారలేదని చూసుకుంది. పంక్తుల పక్కన పేర్లు చూడలేదు. ఉంటుందిలే అనుకుంది.

రెండు నెలలకు ఇంటర్వ్యూ వచ్చింది. ప్రోగ్రాం పనిముట్లు చేసే కంపెనీ. అద్దాల గది, ఆమెకు అవతల ఇద్దరు. ఆ ఉద్యోగం రాకపోతే ఇక ఏ ఆఫీసూ తనను పిలవదని ఆమెకు తెలుసు. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఈసారి సంచి తీసుకెళ్లలేదు.

ఇద్దరిలో చిన్నదైన అమ్మాయి ఉత్సాహంగా స్క్రీన్ ఇటు తిప్పింది. "మాకు ఎలాంటి రాత కావాలో చూపిస్తానండీ. ఇది చూడండి. చొక్కాతో మొదలుపెట్టాడు. ఎంత బాగా చెప్పాడో. ఇలా రాయగలరా మీరు?"

నీలి గీతల చొక్కా.

"అది నేను రాసిందేనమ్మా," అంది ఆమె.

ఇద్దరూ ఆమె వంక చూశారు. అమ్మాయి పంక్తుల పక్కన పేర్లు తెరిచింది. కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. మొదటి నుంచి చివరి దాకా పెద్దాయన పేరే. ఒకే తేదీ, ఒకే పేరు.

"ఇక్కడ ఈయన పేరుందండీ," అంది అమ్మాయి. గొంతులో వెటకారం లేదు. అదే ఉంటే బాగుండేది.

"లైబ్రరీ పాత ముందు పేజీ చూడండి. అందులో నా పంక్తి ఒకటుంది."

చూశారు. వ్యాఖ్యలు తిరిగి రావు. ఆమె పేరు. రెండోవాడు దగ్గాడు. "ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం పంపించండి. చూద్దాం," అన్నాడు.

ఇంటికొచ్చి ఫోన్ చేసింది. అవతల పిల్ల ఏడుస్తోంది.

"మేడం, మీరు లేకపోతే అదంతా లేదు. అది నాకు తెలుసు."

"మీకు తెలిస్తే చాలదు బాబూ. అక్కడ నా పేరు లేదు."

"నేను అందరివీ అలాగే కలిపి ఎక్కిస్తాను, అప్పుడు ఎక్కించినవాడి పేరే పడుతుంది. అలవాటు. మీ మొదటి పంక్తికి మాత్రం అప్పుడేదో తొందరలో పేజీలోనే మీట నొక్కేశాను, అందుకే అక్కడ మీ పేరు నిలిచింది."

"ఇప్పుడు మార్చండి."

"ఎవరెప్పుడు ఏం ఎక్కించారనే ఆ చరిత్ర మారిస్తే వేల మంది కాపీలు చెడతాయండీ. నిజం చెబుతున్నాను." నిజమే చెబుతున్నాడని ఆమెకూ తెలుసు. "ఉత్తరం రాసిస్తాను. రేపే."

ఆ రేపు తొమ్మిదో రోజున వచ్చింది. మూడు వాక్యాల ఉత్తరం. మూడోది ఇలా ఉంది: 'డాక్యుమెంటేషన్‌లో భాషాదోషాలు సరిదిద్దడంలో వీరు ఎంతో ఓపికగా సహాయపడ్డారు.' అబద్ధం చెప్పాలని రాసిన ఉత్తరం కాదు. పిల్లను ఎత్తుకుని ఒక చేత్తో రాసిన ఉత్తరం. ఆమె అడుగున ఒక్క మాట కలపకుండా కంపెనీకి పంపింది. ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చేశామని జవాబొచ్చింది.

వదిన ఆ సాయంత్రం మిషను మీద నుంచి తల ఎత్తలేదు. అలాగే అడిగింది.

"వాడు దొంగ అంటావా?"

"దొంగైతే తిట్టేదాన్ని. వాడికి గుర్తే లేదు. పదకొండు నెలలు వదినా. నా పేరు రాయాలని కూడా తోచలేదు."

వదిన దారం తెంపింది. "ఆ చొక్కా పేజీలో నా పేరు రాశావా?"

ఆమె వదిన వైపు తిరిగింది.

"ఊరికే అడిగాలే," అంది వదిన. "విప్పింది నేను, పోయింది నా తమ్ముడి చొక్కా. ఎవరో ఒక దర్జీ అని కూడా రాయలేదు కదా నువ్వు."

"తోచలేదు," అంది ఆమె.

"ఆఁ. అదే మరి."

తర్వాత ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. వదిన దగ్గరే గుండీలు కుట్టడం, అంచులు మడవడం నేర్చుకుంది ఆమె. చేయి కుదిరింది. ఎవరి చొక్కా లోపలా కుట్టినవాళ్ల పేరుండదు. అలా ఇంకో ఏడాది గడిచింది.

ఒక ఉదయం ఫోన్‌లో కబురు మోగింది. లైబ్రరీ నుంచి. ఎవరో వాడకందారు ఫిర్యాదు రాశాడు: 'ముందు పేజీలో వ్యాఖ్యలు తిరిగి రావు అని ఉంది. వస్తున్నాయి. ఇది నమ్మి, వ్యాఖ్యల్లో ఉన్న మా ఆఫీసు లోపలి రాతలు బయటికి పంపేశాను. ఈ పంక్తి రాసింది ఎవరు?' ఆ పంక్తి పక్కన ఉన్న పేరు చూసి యంత్రమే ఆమెకు కబురు పెట్టింది.

కంప్యూటర్ దుమ్ము తుడిచి తెరిచింది. చిన్న కోడ్ ఒకటి రాసి, మధ్యలో ఒక వ్యాఖ్య పెట్టి, ఫంక్షన్‌కిచ్చింది. వ్యాఖ్య తిరిగొచ్చింది. పెద్దాయన ఈ మధ్యలో ఎప్పుడో ఫంక్షన్ మార్చాడు. పంక్తి మార్చలేదు. ఆమె రాసినప్పుడు అది నిజం. ఇప్పుడు తప్పు.

సరైన వాక్యం రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. రాసి, పంపే మీట దగ్గర ఆగింది. కింద గాలి కొట్టే మెషిన్ మొదలైంది. గచ్చు అదిరింది.

"పంపావా?" అంది వదిన ముందు గదిలోంచి. కబురు సంగతి ఫోన్ మోగినప్పుడే చెప్పింది ఆమె.

"లేదు."

"ఏం?"

"పంపితే ఆయన మళ్లీ అన్నీ కలిపి తన పేరు మీద ఎక్కిస్తాడు."

"వదిలేస్తే?"

"నా పేరు మీద ఉంటుంది."

"తప్పు."

"తప్పే."

మిషను ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఎవరిదో కాలరు. స్క్రీన్ వంక చూసింది, ఆమె వంక చూసింది. ఫోర్‌మన్ కథ వదినకు వందసార్లు చెప్పి ఉంటుంది.

"జేబులో వేసుకుంటున్నావన్నమాట," అంది వదిన.

ఆమె స్క్రీన్ వైపు తిరిగింది. రాసిన వాక్యాన్ని చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా చెరిపింది. ఫిర్యాదు కింద ఖాళీ గడిని అలాగే వదిలి, కంప్యూటర్ మూసింది.

"ఆ కాలరు ఇలా ఇవ్వు, గుండీ నేను కుడతాను," అంది.

ముందు పేజీలో ఆ పంక్తి ఇప్పటికీ అలాగే ఉంది. పక్కన ఆమె పేరుంది.