రాట్నం మీద బండి చక్రం

నేను బడికి తప్పకుండా పోయింది జెండా పండుగల రోజుల్లోనే. మిగతా రోజుల్లో బూందీ పెట్టరు కదా. మా సారు మాత్రం వీడికి దేశభక్తి ఎక్కువని చాలాకాలం నమ్మాడు. ఐదో తరగతి కాకుండానే బడి మానేసినప్పుడు బూందీ మిగిలిపోతుందే అని నాకంటే ఎక్కువగా బాధపడ్డవాళ్లు లేరు. ఇప్పుడు నా దగ్గర ట్రంకుపెట్టె నిండా పాత జాతీయ జెండాలున్నాయి. సారు నమ్మకం మరీ వమ్ము కాలేదు.

పాత బట్టలు తీసుకొని స్టీలు సామాన్లు ఇవ్వడం నా పని. కరీంనగర్ నుంచి అటు బెల్లంపల్లి, ఇటు మెట్‌పల్లి దాకా ట్రాలీ ఆటోలో తిరుగుతాను. చీరలు, దుప్పట్ల మూటల్లో అప్పుడప్పుడు ఒక జెండా వస్తుంది. మొదట్లో వాటిని పక్కన పెట్టింది భయంతోనే. జెండాను మసిగుడ్డల్లో కలిపితే ఎవరైనా పట్టుకొని తంతారని. తర్వాత భయం పోయి పిచ్చి పట్టింది.

వాటి విలువ కట్టడం నేర్పింది కరీంనగర్‌లో పాత సామాన్ల దుకాణం నడిపే నా దోస్తు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడాలి. చేతితో వడికిన నూలైతే పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. తాడు దూర్చిన చోట చిరుగు కనిపిస్తే సంతోషించాలి. అది నిజంగా ఎగిరిన జెండా అన్నమాట.

ఒక వానాకాలం మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో ఒక ముసలవ్వ నా ఆటో ఆపింది. చీరల మూట ఇచ్చి అన్నం వండే స్టీలు గంజు తీసుకుంది. జెండాలు దాచే సంగతి నేను గొప్పగా చెప్పుకుంటుంటే విని, లోపలికి పోయి ఒకటి పట్టుకొచ్చింది. మంచి ఖద్దరు. మధ్యలో నీలిగుడ్డతో కుట్టిన చక్రం. కానీ అది అశోక చక్రం కాదు, అచ్చం ఎడ్లబండి చక్రం! మందపాటి ఆకులు, చుట్టూ నల్లదారంతో ఇనుప పట్టా కూడా. పకపకా నవ్వాను.

“నవ్వకు కొడుకా. నిజాం జమానల మా అత్త దీన్ని వడ్ల గుమ్మిల దాసిపెట్టింది. అప్పుడు నడుమ రాట్నం బొమ్మ ఉండెనట. నిజాం రాజ్యం పోయినంక, జెండల రాట్నం తీసి చక్రం పెట్టిండ్రని ఎవరో చెప్పిండ్రు. ఆమె చూసింది బండి చక్రమే. గదే కుట్టింది. ఊరంత గా జెండనే ఎగరేసిండ్రు, ఒక్కలు గూడ నవ్వలే.”

నా నవ్వు ఆగిపోయింది. ఇంకో గంజు తీసి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

“అదేం వద్దు. ఇంట్ల ఎలుకలైతున్నయి, కొరుకుతయని ఫికరైతుంది. నీ పెట్టెల పెట్టు” అంది.

ఉచితంగా వచ్చిందని లోపల సంబరపడ్డాను.

కరీంనగర్‌లో దోస్తు దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. చక్రం కింద పాత రాట్నం బొమ్మ చెక్కుచెదరలేదు.

“గిట్లాంటిది ఇంతవరకు నా చేతుల పడలే భాయ్. మీద కుట్టిన చక్రమే దీన్ని ఖరాబ్ చేసింది. జర నిమ్మలంగ కుట్లు ఇప్పు. హైదరాబాద్‌ల ఒక సారున్నడు, కండ్లు మూసుకొని కొంటడు.”

అతను చెప్పింది అబద్ధం కాదు. నా ఆటో ఇంజన్ పనైపోయి అప్పటికి షెడ్డులో పడి ఉంది. ఈ జెండా పోతే ఇంజన్ వస్తుంది. బ్లేడు కూడా అతనే తెచ్చి చేతిలో పెట్టాడు. మొదటి కుట్టు మీద ఆనించాను. అక్కడ దారం తెగితే ముడివేసి మళ్లీ కుట్టుకుంటూ పోయింది ముసలవ్వ అత్త. ఎన్నడూ చూడని జెండా చక్రాన్ని అంత ఓపికగా కుట్టింది.

బ్లేడు కింద పెట్టేశాను.

“నేను కుట్లు ఇప్ప.”

“అరే, గది తప్పు చక్రం భాయ్!”

“ఊరంత దానికే సలాం కొట్టింది. కాదనెటందుకు నువ్వెవరు, నేనెవర్ని?”

“మరి ఇంజన్ లేకుంట ఎట్ల తిరుగుతవ్?”

“చక్రమున్నది గద, ఎడ్లను కట్టుకుంట.”

ఇంజన్ రాలేదు. రాకపోతే మానె. రాట్నమే కావాలంటే ఆ హైదరాబాద్ సారు ఇంకెక్కడైనా వెతుక్కోవాలి. ఒక ఊరు తలెత్తి చూసిన చక్రాన్ని పీకి, విలువ పెరిగిందని నేను చెప్పను. నా ట్రంకులో ఆ జెండాకు నేను కట్టిన వెల అదే, ఎవరికి నచ్చకపోయినా సరే.

అడిగి తెచ్చుకున్న మోపెడ్ మీద గిన్నెలు కట్టుకొని మళ్లీ మెట్‌పల్లి వైపు పోయాను. ముసలవ్వకు కథంతా చెప్పాను, బ్లేడు దగ్గర కాస్త గొంతు పెంచి మరీ. “ఎంతిచ్చినా అమ్మనని మొఖం మీదనే చెప్పిన అవ్వా” అన్నాను, మెచ్చుకుంటుందని.

ఆమె వక్క నములుతూ నన్ను కిందికీ పైకీ చూసింది.

“నీ రెండో గంజు నేను తీసుకున్ననారా? పెట్టెల పెట్టుమని ఇచ్చిన. నీది కానిదాన్ని అమ్మలేదని నాకే వచ్చి చెప్తున్నవ్, ఎంత మొనగానివి కొడుకా!”