టెలిఫోనుకు తలూపిన గుమాస్తా

మా ముదలాళి, అంటే మా యజమాని గారింటి పెళ్లిచూపులను నేనొక్కణ్నే ఎలా అల్లకల్లోలం చేశానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వు రానిది ఇద్దరికే, ఆయనకూ నాకూ.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుల గ్యాసుతో ముసలాళ్లలా దగ్గుతూ నడిచేవి. ఎస్సెల్సీ గట్టెక్కి, తిరుపతిలో ఒక బస్సు కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఆఫ్రికా నదులన్నీ నాకు కంఠస్థం. టెలిఫోను మాత్రం ముట్టి ఎరగను. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే లేచి నిలబడి, నోరు మెదపకుండా తలూపాలి. మా హెడ్మాస్టరు బెత్తంతో ఎక్కించిన చదువది.

చేరిన రోజే ఫోను మోగితే, తీసి చెవిన పెట్టుకున్నాను. చిత్తూరులో తన ఇంటినుంచి మా ముదలాళి.

"మగపెళ్లోళ్లను ఎక్కించుకోని బస్సు బయల్దేరినాదా?"

బయల్దేరింది. లేచి నిలబడి తలూపాను.

"ఏమప్పా, ఇనపడతా ఉండాదా?"

ఇంకాస్త వినయంగా ఊపాను.

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు మునిరత్నం నన్ను వింతగా చూశాడు.

"ఎవురికప్పా తలూపతా ఉండావు?"

"ముదలాళికి."

"ఆయప్ప చిత్తూర్లో గదా ఉండేది!"

"దూరం గదన్నా, అందుకే గట్టిగా ఊపతా ఉండా."

"నోరు తెరిసి సెప్పు సామీ!"

తెరిచాను. బడిలో అలవాటైన మాటే ఊడిపడింది. "ప్రెజెంట్ సార్!"

"నువ్వుండేది సరే, బస్సు యాడుండాదిరా?" ఫోన్లో ముదలాళి కేకేశారు.

బస్సు ఇక్కడ లేదు కదా! "బస్సు ఆబ్సెంట్ సార్!"

అవతల ఫోను ఠక్కుమంది.

బస్సు మాయమైందనుకుని ముదలాళి బొగ్గుల కారేసుకుని తిరుపతికి బయల్దేరారు. మగపెళ్లివాళ్ల బస్సు దారిలో ఎదురైనా, ఆ పొగలో ఆయనకు కనబడలేదట. కారు ఆగి ఆగి, సాయంత్రానికి నా ముందు నిలబడ్డారు.

"ఏదిరా బస్సు?"

"పొద్దున్నే చిత్తూరుకు పోయింది సార్."

"ఆ మాట ఫోన్లో ఏడవలేదేమిరా? ఇస్కూల్లో ఇన్నేండ్లూ ఏం నేర్పినార్రా నీకు?"

"పెద్దల ముందర నోరు మెదపగూడదని నేర్పినారు సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నా ఉద్యోగం గాల్లో వేలాడుతుండగా మళ్లీ ఫోను మోగింది. ముట్టే ధైర్యం నాకెక్కడిది! ఆయనే తీశారు. చిత్తూరునుంచి వాళ్లావిడ గొంతు గదంతా వినిపించింది.

"సంబంధం ఖాయమైపోయినాది! మీరు లేకుంటే ఎంత నిమ్మళంగా కుదిరిందో! ముహూర్తానికి గూడా అట్లే యాడికన్నా పోయి రాండి!"

నా ఉద్యోగం నిలిచింది. ఇక బతికినంతకాలం ఫోనులో నోటితోనే జవాబు చెబుతానని ఏడుకొండలవైపు తిరిగి ఒట్టేసుకున్నాను. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెబుతూ దాన్ని ఎంత నిష్ఠగా పాటించానంటే, నెల తిరక్కముందే ముదలాళి ఆ ఫోనును నాకు అందకుండా ఆఫీసులో తన గదిలోకి మార్పించుకున్నారు.